చూపును తీర్పును

కార్తీకమాసపు సాయంకాలమున తూర్పున గుంపుగా పొడుచు కృత్తికలను ఎరుగని రైతు లేడు. యోబు గ్రంథమందును వాటి పేరు గలదు. మన కంటికి అవి ఆరో ఏడో కనబడును. అంతమాత్రమున అక్కడ మరేమియు లేదనవచ్చునా?

1885వ సంవత్సరమున పారిస్ నగరములో పాల్ హెన్రీ, ప్రాస్పర్ హెన్రీ అను అన్నదమ్ములు దూరదర్శినికి ఫోటో పలకను అమర్చి కృత్తికలను పటము తీసిరి. పలకమీద వందలకొలది నక్షత్రములు తేలెను. అంతేకాదు, మైయా అను నక్షత్రము నానుకొని, అంతవరకెవరును చూడని వెలుగు మేఘమొకటి కనబడెను. పెద్ద దూరదర్శినులతో ఆ చోటును పలుమార్లు చూచినవారును దానిని కనుగొనలేదు. మరుసటి సంవత్సరము రష్యాలోని పుల్కోవా వేధశాలలో వెదకి చూడగా అది కంటికిని కనబడెను.

దీనికి కారణమేమి? కన్ను వెలుగును కూడబెట్టదు. ఈ క్షణమున వచ్చినది మరుక్షణమునకు నిలువదు. పలకయైతే బొట్టుబొట్టుగా కుండ నిండినట్లు వెలుగును చేర్చుకొనును. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపర్ మృగశీర్షలోని మేఘమును మొదటిసారి పటము తీసినప్పుడు 51 నిమిషములు పట్టెను. ఆకాశము తిరుగుచుండును గనుక ఆ కాలమంతయు దూరదర్శిని నక్షత్రమును వెంబడింపవలెను. గురి తప్పెనా, చుక్కలు గీతలగును. హైదరాబాదులోని నిజామియా వేధశాలవారును ఇట్టి ఓపికతోనే పలకలమీద నక్షత్రములను పటము తీసిరి. నేడు యంత్రములే వెంబడించుచున్నను, మసకవెలుగునకు గంటల కాలము కావలసినదే.

ప్రియ చదువరులారా, పొరుగువానిని మనమెంతసేపు చూచుచున్నాము? ఒక సహోదరి నాలుగు ఆదివారములు గుడికి రానియెడల భక్తి చల్లారినదందుము. ఒకడు అప్పు తీర్చనియెడల మోసగాడందుము. ఆమె యింట మంచము పట్టినదెవరో, అతని చేను ఏమైనదో అడుగుటకు ఆ గడప తొక్కితిమా?

అట్లయిన తప్పును తప్పనకూడదా అని కొందరడుగుదురు. అనవలసినదే. పలక లేని వెలుగును కల్పించదు. ఎవరిమీదను దయతలచి మేఘమును చేర్చదు. ఉన్నది ఉన్నట్లు తేలువరకు కాచుకొనును, అంతే. కాబట్టి ఓపిక పక్షపాతము కాదు. అది కనికరమునకు మాత్రమే చెందినదియు కాదు, సత్యమునకు చెందినది. త్వరపడి చూచినవాడు కఠినుడగుటకు ముందే అబద్ధసాక్షి యగును.

ఈ నెలలో మీరు ఎవరిని గూర్చియైనను తీర్పు పలుకబోవునప్పుడు, ముందుగా వారింటికి పోయి కొంతసేపు కూర్చుండుడి.