గుండిగ దగ్గర భక్తి

కోల్‌కతాలో గార్డెన్ రీచ్ అంటే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న చోటని రైల్వే కొలువుల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు తెలుసు. దాన్ని ఆనుకుని హుగ్లీ ఒడ్డునే ఉంది మెటియాబ్రుజ్. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడింది ఇక్కడే. 1864లో ఆయన కట్టించిన సిబ్తైనాబాద్ ఇమాంబారాలోనే ఆయన సమాధి కూడా ఉంది. ఆయన వెంట లక్నో నుంచి వచ్చిన వంటవాళ్ళ బిర్యానీ గురించి అందరూ చెబుతారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ వంటశాలల వెనుక ఉన్న ఆచారం. నవాబు మతశాఖ అయిన షియాలు మొహర్రం మజ్లిస్‌కు, అంటే సంతాప సభకు, వచ్చినవారికి తబర్రుక్ అనే ప్రసాదం పంచుతారు. కర్బలాలో దప్పికతో ప్రాణాలు విడిచిన ఇమాం హుసేన్‌ను తలచుకుని, దారిన పోయేవారికి సబీల్ అనే చలివేంద్రం పెట్టి నీళ్ళిస్తారు.

ఇమాం హుసేన్ తండ్రి హజ్రత్ అలీ కుటుంబం మూడు రోజులు ఉపవాసం ఉండి, నోటి దగ్గరి రొట్టెను పేదకు, అనాథకు, ఖైదీకి ఇచ్చేసిందని వారు భక్తితో చెప్పుకుంటారు. ఖురాన్‌లోని డెబ్బై ఆరో సూరాను ఆ త్యాగంతో ముడిపెడతారు. మన తైత్తిరీయోపనిషత్తులో భృగువు తపస్సు చేసి మొట్టమొదట బ్రహ్మమని గుర్తించింది అన్నాన్నే. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవారికీ వండి వడ్డించారు. ఆకలి తీర్చడం దైవకార్యమని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ దైవకార్యంలో చెయ్యి కాలకుండా, తిన్నవాడికి జబ్బు చేయకుండా చూసుకోవడం కూడా భాగమేనని మాత్రం గట్టిగా చెప్పాలి. 2004 జూలై 16న కుంభకోణంలో మధ్యాహ్న భోజనం వండుతున్న పాకలో మంటలు లేచి బడి కప్పుకు అంటుకున్నాయి. 94 మంది పిల్లలు చనిపోయారు. సరిగ్గా తొమ్మిదేళ్ళకు, 2013లో అదే తేదీన, బీహార్‌లోని ధర్మాసతి గండామన్ బడిలో పురుగుమందు కలిసిన వంట తిని 23 మంది పిల్లలు పోయారు. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పినా వినలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ సంగతి చదివినప్పటి నుంచి నాకొక మాట మనసులో నాటుకుంది. అన్నదానంలో ఎంత చిన్న సేవకుడికైనా ‘ఆపండి’ అనే హక్కు ఉండాలి. ఆ మాటను పెద్దలు వినాలి. శిక్షణ అక్కడ మొదలుకావాలి.

మిగిలినవి చేతులకు నేర్పే పనులు. పొయ్యి దగ్గర నూలు బట్టలే కట్టుకోవాలి. నైలాన్ బట్ట మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. చీర కొంగు, కండువా, చున్నీ బిగించి దోపుకోవాలి. గుండిగను తడిగుడ్డతో పట్టకూడదు. ఆవిరి క్షణంలో చేతికెక్కుతుంది. దాన్ని దించేటప్పుడు పట్టుకున్న ఇద్దరూ ఒకరి మాటమీదే కదలాలి. అంతకుముందే దారిలో పిల్లలు, నీటి తడి లేకుండా చూసుకోవాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి నేలబారున పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపేసి తలుపులు తీయాలి. కాలితే టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి ధార కింద పెట్టాలి. వండిన అన్నం గంటల తరబడి చల్లారితే అందులో పుట్టే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే పొగలు కక్కేటప్పుడే వడ్డించాలి.

వీటన్నిటికంటే కష్టమైన పాఠం ఇంకొకటుంది. వాంతులో, విరేచనాలో అవుతున్నా, వేలికి చీముపట్టినా, ‘దేవుడి పని కదా’ అని గరిటె పట్టుకునే భక్తులుంటారు. వారి ప్రేమను నేను తక్కువ చేయను. వాంతులు, విరేచనాలు తగ్గాక మరో రెండు రోజులు వంటకు, వడ్డనకు దూరంగా ఉండమని వైద్యులు చెబుతారు. ఆ రెండు రోజులు ఇంట్లో కూర్చోవడం కూడా సేవే. ‘నా చేత్తో వడ్డించాలి’ అనే కోరికను ఎదుటివాడి క్షేమం కోసం వదులుకోవడం ఉపవాసం కంటే కఠినమైన సాధన. నిష్కామకర్మకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది, శ్రీవారి సేవ 2000లో. అక్కడ సేవకులు తమకు అప్పగించిన చోట, చెప్పిన పద్ధతిలో పనిచేస్తారు. ఊళ్ళలో మనం చేసే శ్రీరామనవమి, వినాయక చవితి అన్నదానాలకు, దర్గాల దగ్గర ఉరుసు విందులకు ఆ ఏర్పాటు ఉండదు. ముందురోజు రాత్రి కుర్రాళ్ళను పోగుచేసి, తెల్లవారేసరికి గాడిపొయ్యి దగ్గర నిలబెడతాం.

ఈ పద్ధతి మారాలి. కమిటీ పెద్దలకు నా విన్నపం: చందాలు లెక్కపెట్టే రోజే ఒక సాయంత్రాన్ని ఈ శిక్షణకు కేటాయించండి. అనుభవమున్న వంటమేస్త్రిని, ఒక నర్సును, వీలైతే అగ్నిమాపక సిబ్బందిలో ఒకరిని పిలవండి. సేవకు వచ్చే ప్రతి ఒక్కరినీ వారి ముందు కూర్చోబెట్టండి.