ఇంటికి కాపలా ఎవరు?

పాత సవర గూడేల్లో ఇళ్లు వరుసగా ఉంటాయి. గోడకు గోడ ఆనుకుని, వీధికి అటూ ఇటూ ఎదురెదురు తలుపులు. అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుంటే చాలు, కొత్త మనిషి వచ్చిన సంగతి అందరికీ తెలుస్తుంది.

ఇప్పుడు విడివిడిగా కట్టుకుంటున్నాం. దొంగ వస్తే ఏ తలుపు వేయాలి, ఎక్కడ నిలబడాలి, కర్ర ఎక్కడ పెట్టుకోవాలి అని ఆలోచిస్తాం. అది తప్పు కాదు. ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడుకునే హక్కు భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్‌లో ఉంది. రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ హద్దు పెట్టింది. చీకట్లో, ఒంటరిగా, భయపడినవాడికి ఆ హద్దు ఎలా తెలుస్తుంది? వచ్చింది దొంగో, తాగి ఇల్లు మరిచిన పక్కింటి కుర్రాడో! నలుగురు లేచి లైటు వేస్తే కర్ర ఎత్తకముందే తెలుస్తుంది.

వరుస ఇళ్లకూ కష్టాలున్నాయి. ఒక గడ్డి కప్పు అంటుకుంటే పక్కవీ కాలిపోతాయి. ఇంట్లో మాట వీధిలో పడుతుంది. కానీ ఒక్కోసారి ఆపద ఇంట్లోనే ఉంటుంది. భర్త చేయి ఎత్తినప్పుడు ఎత్తైన ప్రహరీ ఆ ఇల్లాలిని కాపాడదు, ఆమె కేకను బయటికి పోనివ్వదు.

అందుకే కొత్త ఇంటికి ముగ్గు పోసేటప్పుడు తాళంతో పాటు అరుగు గురించీ ఆలోచిద్దాం. మన కేక పక్కింటికి వినబడాలి, వాళ్ల కేక మనకూ వినబడాలి.