నష్టం ఎవరి లెక్కలో?

"ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే." ఈ సామెత వినకుండా పెరిగిన తెలుగు ఆడపిల్లలు చాలా తక్కువ. పొద్దుపోయి ఇల్లు చేరినా, చదువుకోడానికి పట్నం వెళతానన్నా ఇదే మాట. చెప్పేది ఎక్కువగా అమ్మలూ అమ్మమ్మలే. తాము పడ్డ భయం పిల్ల పడకూడదనే చెబుతారు. అందుకే దీన్ని పితృస్వామ్యపు మాట అని ఒక్క ముక్కలో కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. కానీ ఇందులో 'నష్టం' అంటే ఏమిటో, ఎవరిదో అడగాలి.

పైకి ఇది తోటలో పుట్టిన మాటలా ఉంటుంది. అయితే తోటలో అరిటాకు గాలికి చీలికలు పేలికలవుతూనే ఉంటుంది. అలా చీలడం వల్లే గాలి దెబ్బ తగ్గి చెట్టు నిలదొక్కుకుంటుంది. చీలిన ఆకు కూడా ఎండ పట్టి చెట్టుకి తిండి తయారుచేస్తుంది. ఆ చెట్టే గెల వేస్తుంది. చిరిగిన ఆకు పనికిరానిదయ్యేది భోజనాల పంక్తిలో. అంటే సామెత లెక్కగట్టిన నష్టం ఆకుది కాదు, అందులో తినేవాళ్ళది.

ఇదే సామెత తమిళంలో ముల్లూ చీరా అయింది. హిందీలో కత్తీ ఖర్బూజా అయింది. తినడానికి ఆకు, కట్టడానికి చీర, కోసుకోడానికి పండు. మూడూ ఒకరు వాడుకునే వస్తువులే. తనకోసం తాను బతికే ప్రాణి ఒక్కటీ లేదు.

గాయమే లేదని నేననడం లేదు. గాయం నిజం, అది ఆమెది. 'విలువ పోయింది' అన్నది మాత్రం ఇతరుల లెక్క. సామెత ఈ రెంటినీ కలిపేసి ఒకే మాటగా చెబుతుంది. అందుకే ముందు జాగ్రత్తగా చెప్పిన మాట, జరిగాక తీర్పుగా మారుతుంది: ముల్లుంటుందని తెలిసి ఎందుకెళ్ళావు?

ఈ తీర్పు ఇంటి గడపలోనే ఆగలేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీపై పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ వాళ్ళ దెబ్బలకి చనిపోయాడు. ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్ళు ఆమె శీలాన్నే విచారణకి పెట్టజూశారు. కమిషన్ పోలీసులదే నేరమంది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారి, 1981లో నిందితులు విడుదలయ్యారు. అత్యాచార కేసుల్లో బాధితురాలి నడతని ఎత్తిచూపి ఆమె మాట నమ్మదగింది కాదనే వీలు సాక్ష్య చట్టంలో 2002 దాకా ఉండింది. సామెత చేసిన పనినే చట్టమూ చేసింది.

జాగ్రత్త చెప్పొద్దని కాదు. దారిలో ముల్లుందని చెప్పడం ప్రేమే. కానీ అరటితోట ఉన్న ఏ రైతూ ముళ్ళకంప కనబడితే ఆకుల్ని మందలించడు. కత్తి తీసుకుని కంప నరుకుతాడు. కూతురికి ఈ సామెత చెప్పే ఇంట్లో, అదే పూట కొడుకుని పిలిచి ఏం చెబుతున్నాం?