నీతిమంతుడును పెరటి కోడియు

ధ్యాన భాగము: సామెతలు 12:10

మన డెల్టా గ్రామములలో వానకాలము రాగానే ఊడ్పులతోపాటు ఈగలును వచ్చును. పెంటకుప్పలు నానును, మురుగు నిలుచును, కోళ్లగూటిలో తడి ఆరదు. ఆ దినములలోనే పెరటి కోడికి పుండు పురుగు పట్టుట మనము చూచుచుందుము. ముంగిస పట్టి వదలిన గాయమైనను, కుక్క కరచిన గాటైనను, పుంజు గోళ్లకు చీరుకొనిపోయిన వీపైనను, పారుడు వలన తోకక్రింద మురికిపట్టిన ఈకలైనను చాలును. ఈగ అక్కడ గుడ్లు పెట్టును. అనేకసార్లు ఒక్క దినములోనే అవి పురుగులై, బ్రదికియున్న కోడి మాంసమును తినుట మొదలుపెట్టును.

మేము గృహదర్శనములకు వెళ్లునప్పుడు ఈ మాట వినుచుందుము: "అయ్యగారూ, రేపు కోసుకొని తినబోవు కోడికి ఈ వైద్యమెందుకండీ?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నాట్ల వేళ ఇంటిల్లిపాదికి తీరిక ఉండదు. కోడి విలువయు కొద్దిపాటిదే. అయినను విశ్వాసి దీనికి వాక్యమునుబట్టి జవాబు వెదకవలెను.

దేవుడు నోవహుకు మాంసమును ఆహారముగా ఇచ్చెను. ఆ సెలవుతో కూడనే, ప్రాణమునకు గురుతైన రక్తమును తినరాదని హద్దు పెట్టెను (ఆది. 9:3, 4). గూటిలో పిల్లలను తీసికొనువాడు తల్లిపక్షిని విడిచిపెట్టవలెనని మోషే ధర్మశాస్త్రము కట్టడ చేసెను (ద్వితీ. 22:6, 7). కాబట్టి తినుటకు సెలవిచ్చిన దేవుడు బాధపెట్టుటకు సెలవియ్యలేదు. కోయుట ఒక్క నిమిషపు పని. పురుగులు తినుట దినముల తరబడి సాగు బాధ. చంపు హక్కు నాకున్నదని చెప్పుచు, చంపకయు బాగుచేయకయు పెంటకుప్పమీద విడిచిపెట్టువాడు ఏ హక్కును వాడుకొనుచున్నాడు?

ఇప్పుడు సొలొమోను మాటకు వత్తము. నీతిమంతుడు తన పశువుపట్ల దయగలవాడని మనము చదువుచున్నాము. హెబ్రీ మూలములో అక్కడనున్న మాటకు "ఎరుగును" అని అర్థము. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగినవాడు. దయ ఎరుకతో మొదలగునని దీనివలన మనకు తేటపడుచున్నది.

ఈ సంగతి కోడి విషయములో ఎంతో నిజము. కోడి తన నొప్పిని దాచుకొను ప్రాణి. నీరసించినదానిని తోటి కోళ్లే పొడుచును. పుండు ఈకల క్రింద ఉండును, పైకి కనబడదు. నూకలు చల్లినప్పుడు రాకుండ ఒక మూల రెక్కలు వాల్చి ముడుచుకొని నిలిచినను, దగ్గర దుర్వాసన వచ్చినను, దానిని చేతిలోనికి తీసికొని ఈకలు విప్పి చూడవలెను. చూడనివాడు ఎరుగడు, ఎరుగనివాడు దయచూపలేడు.

ఎరిగిన తరువాత చేయవలసినది పేదవానికి మించినది కాదు. కోడిని తక్కినవాటినుండి వేరుచేసి, పొడిచోట గంప క్రింద ఉంచి, ఈగ దూరకుండ దోమతెర కప్పవలెను. పుండు చుట్టునున్న ఈకలను కత్తిరించవలెను. కాచి చల్లార్చిన లీటరు నీటిలో సుమారు 9 గ్రాముల ఉప్పు, అనగా ఒకటిన్నర చిన్న చెంచా, కలిపి గోరువెచ్చగా కడుగవలెను. ముల్లు తీయు చిన్న పట్టకారుతో పురుగులను ఒక్కొక్కటిగా తీయవలెను. పిమ్మట తడి అద్ది, పావిడోన్ అయోడిన్ మందును పలుచని తేనీటి రంగు వచ్చువరకు నీటితో కలిపి పూయవలెను. కిరోసిను, ఫినాయిలు పోయరాదు. అవి పచ్చిపుండును కాల్చును, కోడికి విషమగును. మిగిలిన గుడ్లు మరల పొదుగును గనుక ఉదయము సాయంత్రము విప్పి చూచుచుండవలెను. పుండు లోతైనదైతే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. మందు వాడిన కోడి గుడ్లను, మాంసమును ఎన్ని దినములు తినరాదో అక్కడనే అడుగవలెను. ఇక బ్రదుకదని తేలినప్పుడు, ఆలస్యము చేయక దాని బాధ ముగించుటయు దయయే.

ఆ వచనపు రెండవ భాగము మరింత కఠినమైనది. భక్తిహీనుని జాలి సహితము క్రూరమైనదని దాని భావము. దీనికి వ్యాఖ్యానము గోదావరి జిల్లాలవారికి వేరుగా అక్కరలేదు. పందెపు పుంజుకు బాదంపప్పు పెట్టుదురు, గుడ్డు పెట్టుదురు, ఒళ్లు పట్టుదురు, నీళ్లలో ఈదింతురు. దానికి చిన్న గాయమైనను ఓర్వరు. అంత ముద్దుచేసి, సంక్రాంతినాడు దాని కాలికి కత్తి కట్టి బరిలోనికి వదలుదురు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము జంతువులను పోరాటమునకు ఉసికొల్పుట నేరమని చెప్పుచున్నది. చట్టము మాట అటుండగా, ఆ బరి చుట్టు మన సంఘస్థులు నిలుచుట తగునా? పుంజుకు బాదంపప్పును, గుడ్లుపెట్టు పెట్టకు పెంటకుప్పయునా? ఆ పెట్ట అనేక ఇండ్లలో గృహిణి చేతి సొమ్ము. బిడ్డ పుస్తకమును, ఆదివారపు కానుకయు దాని గుడ్లనుండియే వచ్చుచున్నవి.

కోడియు మనిషియు సమానమని మేము చెప్పుట లేదు. అనేకమైన పిచ్చుకలకంటె మనము శ్రేష్ఠులమని ప్రభువే సెలవిచ్చెను (మత్త. 10:31). అయితే ఆ పిచ్చుకలలో ఒక్కటి పడినను తండ్రి ఎరుగునని దానికి ముందే చెప్పెను. లోకరాజులు తమ్మును సింహముతోను పక్షిరాజుతోను పోల్చుకొనగా, యెరూషలేమును చూచి దుఃఖించిన ప్రభువు తన్ను పిల్లలను రెక్కల క్రిందికి చేర్చుకొను కోడితో పోల్చుకొనెను (మత్త. 23:37). ఆయన ఎన్నుకొనిన ఆ పోలిక మన పెరటిలోనే తిరుగుచున్నది.

ప్రియులారా, ఈ వానకాలములో ప్రతి ఉదయము గూటి తలుపు తీయునప్పుడు కోళ్లను లెక్కపెట్టుడి. మూలనున్నదానిని చేతిలోనికి తీసికొనుడి. ఈకల క్రింద పుండును చూడ నేర్చిన కన్ను, నవ్వు క్రింద బాధను దాచుకొనిన పొరుగువానిని చూచుటకును నేర్చును. మనలను ఎరిగియున్న ప్రభువు అట్టి కన్నును, అట్టి చేతిని మనకు దయచేయును గాక. ఆమేన్.