రసమునకై చెప్పిన అసత్యము

జరిగిన కథను జరిగినట్లు చెప్పి ఊరకుండుటవలన కవికి ఒరుగునదేమియు లేదనియు, ఆ పనికి ఇతిహాసమే చాలుననియు, కథలో రసమునకు అడ్డువచ్చు ఘట్టమున్నచో దానిని విడిచి తగినదానిని కల్పించుకొనవలెననియు తొమ్మిదవ శతాబ్ది కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నిస్సంకోచముగా చెప్పియుండగా, రాజుల కథలతో చలనచిత్రములు తీయువారు చరిత్రను మార్చివేసినారని మనము చేయు ఆక్షేపణకు శాస్త్రబలము తక్కువయే. భారతమున లేని దుర్వాసశాపమును తెచ్చి కాళిదాసు దుష్యంతుని అపకీర్తినుండి తప్పింపలేదా? చిత్రనిర్మాతలు అలంకారశాస్త్రము చదివి ఈ పని చేయుచున్నారని నా అభిప్రాయము కాదు. చదివినచో మాత్రము వారికి గట్టి వకీళ్లే దొరకుదురు.

అయితే ఆ శాస్త్రములోనే ఒక చిక్కున్నది. నాయకుని ఔన్నత్యమునకు భంగకరమైన దానిని విడువవలెను, లేదా మార్చవలెను అని దశరూపకకర్త ధనంజయుడు చెప్పగా, దానికి ఉదాహరణముగా వ్యాఖ్యాత వాలివధను చూపినాడు. మాయురాజు తన నాటకమున ఆ ఘట్టమునే వదలివేసెను. భవభూతి అట్లు వదలక, రావణునితోడి మైత్రిచేత వాలియే రాముని చంప వచ్చినట్లును, రాముడు వానిని ఎదిరించి కూల్చినట్లును మార్చెను. రాముని మీది మచ్చ పోయినది, నిజమే, పోయి ఎక్కడికేగినది? వాలి నెత్తిమీదికి. కథలో దోషము ఆవిరియై పోవునది కాదు. ఒకరినుండి తీసినచో మరియొకరి ఖాతాలో వ్రాయవలసినదే. వాలి పురాణపాత్ర కనుక దానిని భరింపగలడు. ఒకనాడు అన్నము తిని, మనవలె నిద్రించి, చచ్చి, తన పక్షము చెప్పుకొనుటకు నోరులేని మనుష్యునిపై ఆ దోషము పడినప్పుడు ప్రశ్న అలంకారశాస్త్రమునుండి ధర్మశాస్త్రమునకు మారుచున్నది.

శ్రీకృష్ణదేవరాయల సంగతినే చూతము. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయిష్ వ్రాసినదానినిబట్టి రాయలు నడితరపు పొడవువాడు, చక్కని ఛాయ కలవాడు, సన్నముకంటె లావువైపే మొగ్గినవాడు, ముఖమున స్ఫోటకపు మచ్చలు కలవాడు. తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒంటికి నూనె పట్టించుకొని, ఆ నూనె చెమటగా కారిపోవువరకు బరువులెత్తి కత్తి త్రిప్పి, పిమ్మట కుస్తీపట్టి, తెల్లవారువరకు గుఱ్ఱపుస్వారి చేసెడివాడట. ఎంతటి సరసుడో అంతటి ఆకస్మిక కోపియట. మన తెరమీది రాయలకు ఆ మచ్చలు నేనెన్నడును చూడలేదు. అది క్షమింపదగిన అసత్యమే. నందమూరి తారకరామారావు ముఖమున మచ్చలు పెట్టుటకు ఏ నిర్మాతకు మనసొప్పును?

ఇక నూనిజ్ అను మరియొక పోర్చుగీసువాడు, గుఱ్ఱముల వర్తకుడు, రాయలు 1529లో మరణించిన కొన్ని యేండ్లకు వ్రాసినదానిలో రెండు వృత్తాంతములు కలవు. మరణశయ్యపైనున్న అన్న వీరనరసింహరాయలు తన బాలుని పట్టాభిషిక్తుని చేయుటకై తమ్ముని కన్నులు పెరికించుమని ఆజ్ఞాపింపగా, మంత్రి తిమ్మరుసు మేక కన్నులు తెచ్చి చూపి కృష్ణరాయలను కాపాడినాడనునది మొదటిది. చాలయేండ్లకు రాయల చిన్నికుమారుడు విషప్రయోగమున మరణింపగా, తిమ్మరుసు కుమారుడే ఆ పని చేసెనన్న అనుమానముతో రాజు ఆ తండ్రిని, కొడుకులను చెరబెట్టించి తుదకు కన్నులు తీయించినాడనునది రెండవది. తన కన్నులను నిలిపినవాని కన్నులనే రాజు తీయించుట! ఇంతకుమించిన కరుణరసమును ఏ కవి కల్పింపగలడు? కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున 1962లో వచ్చిన మహామంత్రి తిమ్మరుసు ఈ రెండవ వృత్తాంతమును తీసికొని, గుమ్మడి నటనాబలమున ప్రేక్షకుల గుండెలు కరగించినది. అందు తిమ్మరుసు నిర్దోషి. రాయలు క్రూరుడు కాడు, మోసపోయినవాడు. మిగిలిన పాపమంతయు కుట్రదారులది. భవభూతి మార్గమిదియే. మంచి చిత్రమని నేనును ఒప్పుకొందును. కాని రాజు కోపమును రాజునకే విడిచియుండిన తిమ్మరుసు కథ ఇంకను భయంకరమైయుండెడిది.

నూనిజ్ మాత్రము కన్నులార చూచి వ్రాసినాడా? విన్నది వ్రాసినాడు. శాసనముల సంగతియు అట్టిదే. గౌతమీపుత్ర శాతకర్ణి గొప్పతనమును మనకు మిక్కిలి విపులముగా చెప్పు నాసిక శాసనము, ఆ రాజు తల్లి గౌతమీ బలశ్రీ, తన మనుమడు పులుమావి పాలనలో పందొమ్మిదవ యేట వేయించినది; చనిపోయిన కొడుకునుగూర్చి తల్లి వేయించిన ప్రశస్తిలో కొడుకు ఓడిన యుద్ధములను వెదకువాడు అమాయకుడు. 2017లో ఆ రాజుపై చిత్రము తీసినవారికి దొరకిన ప్రధానసాక్ష్యమట్టిది. కావున రాజచిత్రములకు మచ్చలేని యథార్థతను విధించుట, చరిత్రకారునికే లేనిదానిని నటునినుండి అడుగుట యగును. నేనడుగునది దానికంటె చిన్నది: కల్పన ఎవరిమీద పడుచున్నదో చూచుకొనుమని.

బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన మల్లీశ్వరిలో రాయలున్నాడు, ఆయన రాజ్యమున్నది. మల్లి, నాగరాజు ఏ శాసనమునను లేరు. ఆ ఇద్దరి ప్రేమవలన గతించిన ఏ మనుష్యుని పరువునకును హాని కలుగలేదు. అటువంటి కల్పన ఎంతయైనను చేసికొనవచ్చును.

ఇక వినోదమునకు చెప్పినమాటలో తప్పేమని అడుగువారు లేకపోలేదు. వారికి ప్రాచీనమైన ఆధారమున్నది. వామనునికి మూడడుగులు ఇవ్వవలదని బలిని వారించుచు శుక్రాచార్యుడు అసత్యము దోషము కాని సందర్భములను ఏకరువు పెట్టెను. సంస్కృత భాగవతమున ఆ జాబితాలో పరిహాసమును ఉన్నది, జీవనోపాధియు ఉన్నది. చిత్రనిర్మాతకు ఈ రెండును చక్కగా సరిపోవును! అయితే బలి ఆ సలహాను పాటింపలేదు. పురాణము బలినే మెచ్చినది. శుక్రుడు ఎదురుగా నిలిచి వాదించుకొనగల జీవులనుగూర్చి చెప్పినాడేమో. పోయినవారియెడ మనకున్న ఋణము తిలోదకములతోనే తీరునని నేననుకొనను.

ఈ ఋణమును మనము విస్మరించినది బొబ్బిలియెడ, లేదా సరిగా చెప్పవలెనన్న దాని పొరుగున నున్న విజయనగరపు జమీందారు విజయరామరాజుయెడ. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో బొబ్బిలికోట కూలినది, కోటలోని స్త్రీలు తమవారి కత్తులకు బలియైనారు, పిమ్మట బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలో పొడిచి చంపినాడు. బుర్రకథలు ఈ కథలో అసూయనంతటిని ఒకే మనుష్యునిలో కుప్పపోసినవి. 1964 నాటి చిత్రము ఆ బాటనే నడచినది. పద్దెనిమిదవ శతాబ్దిలోనే ఈ యుద్ధమును వర్ణించిన ఆంగ్లేయ చరిత్రకారుడు ఓర్మ్, బొబ్బిలివారు తమ సీమనుండి పారు వాగుల నీటిని మళ్లించుకొనుట మొదలగు సరిహద్దు తగవులను గూడ పేర్కొన్నాడు. ఓర్మ్ వ్రాసినదంతయు వేదవాక్యమని కాదు. విజయరామరాజునకును ఒక పక్షము కలదని తెలియుటకు అది చాలును. ఆ పక్షమును నాలుగు మాటలలో చెప్పనిచ్చినచో బొబ్బిలిరాజు రంగారాయుని వీరము తగ్గునని కథకులేల భయపడిరో నాకు తెలియదు. పొరుగుపొరుగు జమీందారులు నీటికిని సరిహద్దునకును తగవులాడుకొని, ఒకడు పరాయి ఫిరంగులను తెచ్చుకొనగా, కొన్ని దినములలోనే ఇద్దరును నేలకూలిరని చూపినచో వీరము తగ్గదు, శోకము మాత్రము రెట్టింపగును.