ప్రామాణ్యమునకు మూలమేది?

ఒక నియమము నలుగురిచేత నంగీకరింపబడుటచే ప్రమాణమగునా, లేక ప్రమాణమగుటచేతనే నలుగురును దాని నంగీకరింతురా యను సందేహము మన దార్శనికులకు క్రొత్తది కాదు. జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమని మీమాంసకులును, ఆ జ్ఞానము ననుసరించిన ప్రవృత్తి సఫలమైనపుడే, అనగా ప్రవృత్తిసామర్థ్యముచేతనే, అది యథార్థమని తెలియునని నైయాయికులును బహుకాలము వాదించిరి. మన అన్నంభట్టు తర్కసంగ్రహదీపికలో నీ వివాదమునే విచారించెను. ఇది తాళపత్రములతో ముగిసినదని తలంచువారు, లోకమందలి కంప్యూటర్లు పరస్పరము మాటాడుకొనుటకు వలయు నియమములను నిర్ణయించు ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ నడవడి నొకమారు పరికింపవలెను.

1986 జనవరిలో సాన్ డియేగో నగరమున 21 మందితో తొలిసారి సమావేశమైన యీ సంస్థకు సభ్యత్వమును లేదు, వోటును లేదు. ముసాయిదా నెవరైనను వ్రాసి సమర్పింపవచ్చును. ఆరు నెలలలో దానిని పునరుద్ధరింపనిచో కాలము చెల్లును. వర్కింగ్ గ్రూపు దానిని చేపట్టినచో చర్చించి, సవరించి, సిద్ధమైనదనిపించినపుడు పైవారికి పంపును. వారు కనీసము రెండు వారముల గడువుతో ఎల్లరి యభిప్రాయమును తుదిసారిగా కోరి, స్టీరింగ్ గ్రూపు ఆమోదముతో ఆర్.ఎఫ్.సి. యను సంఖ్యగల పత్రముగా వెలువరింతురు. వెలువడిన పత్రమున విషయమును మార్పరు.

నన్ను మిక్కిలి యాకర్షించినది సమ్మతి నెరుగు సాంప్రదాయిక విధానము. వర్కింగ్ గ్రూపు అధ్యక్షుడు "ఈ మార్గము సమ్మతమైనవారు" అనగనే సభలోనివారు చేతులెత్తరు. పెదవి విప్పక కంఠముననే ధ్వని చేయుదురు. పిదప సమ్మతింపనివారి వంతు. ఆ ధ్వనిని లెక్కింప వీలు లేదు, లెక్కించుట యుద్దేశమును గాదు. చర్చ ఎచ్చట చిక్కువడినదో తెలిసికొనుటయే ప్రయోజనము. 2014లో పీట్ రెస్నిక్ వ్రాసిన 7282వ పత్రము, నూర్గురనుకూలురై ఐదుగురు ప్రతికూలురైనను ఏకాభిప్రాయము కుదరకపోవచ్చుననియు, ఐదుగురనుకూలురై నూర్గురు ప్రతికూలురైనను కుదిరినట్లే కావచ్చుననియు నిర్భయముగా చెప్పుచున్నది. తూచవలసినది జనసంఖ్య గాదు, ఆక్షేపణము. దానిని స్వీకరింపనక్కరలేదు గాని, విని, విమర్శించి, సమాధానమీయక దాటరాదు. పూర్వపక్షమును నిర్లక్ష్యము చేసిన సిద్ధాంతము సిద్ధాంతమే కాదన్న మన శాస్త్రమర్యాద యిదియే; న్యాయసూత్రకర్తయగు గౌతముడు జయైకలక్ష్యమగు జల్పమునుండి వాదమును వేరుపరచినదియు నిందుకొరకే.

అయినను, సమాధానము చాలినదని నిర్ణయించువాడెవడు? అధ్యక్షుడే. అతనిపై స్టీరింగ్ గ్రూపునకును, ఆపైన ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డునకును అప్పీలు గలదు. కాని వారును మనుష్యులే. ఇచ్చట రెండవ ప్రమాణము వచ్చి నిలుచును. ఒక నియమము తుది పదవినందుటకు, స్వతంత్రముగా రచింపబడిన రెండు ప్రోగ్రాములైనను దాని ననుసరించి పరస్పరము పొసగవలెను. మన 'అ'కారమునకు యూనికోడ్ ఇచ్చిన సంఖ్య 3077. అది 224, 176, 133 అను మూడు బైట్లుగా పయనింపవలెనని 2003 నాటి 3629వ పత్రము శాసించినది. హైదరాబాదున నొకడు వ్రాసిన ప్రోగ్రాము ఆ మూడింటిని పంపగా, అతనినెన్నడు నెరుగనివాడు ఆ పత్రమును మాత్రమే చదివి వ్రాసిన ప్రోగ్రాము చికాగోలో దానిని 'అ' గనే చూపుచున్నది. నైయాయికుల ప్రవృత్తిసామర్థ్యమునకు ఇంతకంటె ప్రత్యక్షోదాహరణము నాకు దొరకలేదు.

కాని సాఫల్యము సాధుత్వమునకు సాక్ష్యమా? సంభాషణములను చాటుగ వినుటకు వీలు కల్పించు నియమమును రెండు ప్రోగ్రాములు నిర్దోషముగ నడపగలవు. అట్టి సౌకర్యమును ప్రమాణములలో చేర్తురా యని యడిగినపుడు, 2000లో వెలువడిన 2804వ పత్రమున ఈ సంస్థ కాదని చెప్పెను. దేశదేశముల శాసనములు వేరగుటయు, అదనపు జటిలత భద్రతను బలహీనపరచుటయు హేతువులుగ చూపెను. ఆ హేతువులు దృఢములే. అయినను ఒకని యేకాంతమును హరించుట ధర్మమా యను ప్రశ్నకు, నడచిన కోడ్ ఎంతటిదైనను బదులీయజాలదు. అందుచేతనే నేను ప్రవృత్తిసామర్థ్యముకంటె పూర్వపక్షశ్రవణమునకు పై పీట వేయుచున్నాను.