ఎవరిని అడుగవలెను?

మగబిడ్డయని పెంచబడిన బిడ్డ, తాను స్త్రీనని గ్రహించిననాడు ఆ మాట మొదట చెప్పుకొనవలసినది కన్నవారికే. వారు పరువునకు వెరచి నోరు మూయించిరేని, బిడ్డ వీధిని అడుగును. అచట దొరకునది సగము వదంతి, సగము మోసము. అట్టి తల్లిదండ్రులు క్రూరులు కానక్కరలేదు, తెలియనివారు కావచ్చును. అయినను, తెలిసికొనుటకు వీలుండియు తెలిసికొనకుండుట దోషము కాదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధి వర్గీకరణమున ఈ స్థితిని మానసిక వ్యాధుల పట్టిక నుండి తొలగించినది. అది 2022 జనవరి 1న అమలునకు వచ్చెను. కావున కుదుర్చెదనను మంత్రగానికి గాని, పెండ్లి చేసిన సరిపోవుననెడు బంధువులకు గాని తల యూపనక్కరలేదు. (ఆ పెండ్లిలో మరియొక యింటి ఆడపిల్ల గతి యేమగునో ఎవరును తలపరు!)

తాను స్త్రీయో, పురుషుడో, తృతీయ ప్రకృతియో నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదేయని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము వేసినది జాతీయ న్యాయసేవాధికార సంస్థ. దాని శాఖలు జిల్లాలలో కలవు. తండ్రి బిడ్డను వెంటబెట్టుకొని అచటికి పోయి అడుగవచ్చును.

స్త్రీపురుష భేదము దేహమునకే గాని లోనున్న ఆత్మకు లేదని జేడర దాసిమయ్య ఏనాడో బోధించెను. ఆ వచనమును పిల్లలకు వల్లె వేయించిన యిండ్లలోనే ఈ బిడ్డకు తలుపు మూయబడుచున్నది.